వేరు కింది లోకం: కడప కొండల మొక్కలు, శిలీంద్రాల అధ్యయనం
(కడపలో చేసిన ఒక ప్రసంగం పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, అధ్యాపక మిత్రులకు, ముందు వరుసల్లో నోటుపుస్తకాలు తెరిచి కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

కడప నుంచి రాయచోటికి వెళ్లేవాళ్లం గువ్వలచెరువు దగ్గర బస్సు ఆగితే పాలకోవా కొనుక్కుంటాం గానీ, ఘాటుకు అటూ ఇటూ ఉన్న పాలకొండల వైపు తేరిపార చూసేది తక్కువ. వేసవిలో చూస్తే అక్కడ రాయి, ముల్లు, ఎండిన బోద తప్ప మరేమీ లేదనిపిస్తుంది. ఈ కొండలు, వీటిని ఆనుకొని ఉన్న శేషాచలం, లంకమల, వెలికొండ, ఉత్తరాన నల్లమల, ఇవన్నీ తూర్పు కనుమల దక్షిణ భాగం. వంద కోట్ల ఏళ్లకు పైబడిన కడప బేసిన్ (పూర్వం అవక్షేపాలు పేరుకున్న పల్లపు ప్రాంతం) శిలలు, ముఖ్యంగా క్వార్ట్‌జైట్, ఈ కొండలకు వెన్నెముకగా ఉన్నాయి. ఆ రాయి అరగడం కష్టం, అరిగినా ఇసుకే మిగులుతుంది. అందుచేత కొండ వాలులో మట్టి పలుచగా ఉంటుంది, ఉన్న మట్టిలో నత్రజని, భాస్వరం తక్కువగా ఉంటాయి. ఏడాది మొత్తానికి కడప ప్రాంతంలో కురిసే వాన సుమారు 700 మి.మీ., అనంతపురంలో అయితే 550 మి.మీ. దరిదాపుల్లోనే ఉంటుంది. అదైనా రెండు మూడు విడతల్లో వచ్చి వెళ్లిపోతుంది.

ఇంత పేద నేల మీద, ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనం ఎలా నిలబడింది? తెల్లకరక, మొగి, కొండగుగ్గిలం వంటి చెట్లు ఇక్కడే ఎందుకు స్థిరపడ్డాయి? ఈ ప్రశ్నలకు వాతావరణం, శిల, మానవ చరిత్ర అన్నీ కొంత కొంత సమాధానం చెబుతాయి. అయితే సమాధానంలో పెద్ద భాగం నేల కింద ఉందనీ, దాన్ని చూడాలంటే కొండ మీది పనిని, ప్రయోగశాల పనిని రెండు వేర్వేరు వృత్తులుగా భావించే మన అలవాటును వదులుకోవాలనీ ఈ సాయంత్రం మీకు మనవి చేయదలచాను.

మూడు చెట్లను తీసుకుందాం. మొదటిది ఎర్రచందనం, శాస్త్రీయ నామం టెరోకార్పస్ శాంటలైనస్. ఇది చిక్కుడు కుటుంబానికి చెందినది కాబట్టి వేళ్ల మీద బుడిపెలు ఏర్పడి, వాటిలోని రైజోబియం జాతి బాక్టీరియా గాలిలోని నత్రజనిని చెట్టు వాడుకోగల రూపంలోకి మారుస్తుంది. దానికి తోడు, వేరు కణాల లోపలికి చొరబడి అక్కడ చిన్న పొదల్లాగా శాఖలు వేసే ఆర్బస్క్యులర్ శిలీంద్రాలు మట్టిలోంచి భాస్వరాన్ని తెచ్చి అందిస్తాయి. రెండవది, కొండవాసులు పేరిత అని పిలిచే సైకస్ బెడ్డోమై. దీన్ని అటవీ అధికారి, వృక్షశాస్త్రవేత్త రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ కడప కొండల్లో సేకరించారు, 1883లో ఆయన పేరు మీదనే వృక్షశాస్త్రవేత్త డయర్ దీనికి నామకరణం చేశారు. ఈ మొక్క వేళ్లలో కొన్ని నేల పైపొర దగ్గరికి వచ్చి, పగడపు కొమ్మల్లా చీలి గుత్తులు కడతాయి. వాటిని అడ్డంగా కోసి చూస్తే మధ్యలో నీలి ఆకుపచ్చ వలయం కనిపిస్తుంది, అందులో ఉండేవి నత్రజనిని స్థిరీకరించే సయనోబాక్టీరియాలు. మూడవది జలారి, దాని దగ్గరి బంధువైన తంబ జలారి. ఇవి షోరియా ప్రజాతికి, డిప్టెరోకార్ప్ కుటుంబానికి చెందినవి. ఈ కుటుంబపు చెట్ల వేరుకొనలను శిలీంద్రం బయటి నుంచి తొడుగులా కప్పి, కణాల సందుల్లో వల అల్లుతుంది తప్ప కణాల లోపలికి వెళ్లదు. దాన్ని ఎక్టోమైకోరైజా అంటారు.

ఒకే కొండ వాలులో, కొన్ని అడుగుల దూరంలో ఉన్న మూడు చెట్లు ఆకలి తీర్చుకోవడానికి మూడు భిన్నమైన ఏర్పాట్లు చేసుకున్నాయన్న మాట. ఈ సంగతి ఎండిన కొమ్మను కాగితానికి అతికించిన హెర్బేరియం షీటును చూస్తే తెలియదు. ఆకు, పువ్వు, కాయ ఆధారంగా మొక్కకు పేరు పెట్టడంలో మన ముందుతరాలవారు చాలా గొప్ప పని చేశారు. జె.ఎస్. గాంబుల్ 1915లో మొదలుపెట్టి, ఆయన మరణానంతరం ఫిషర్ 1936లో పూర్తి చేసిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాల గ్రంథం నేటికీ మనకు మొదటి ఆధారం. స్వాతంత్ర్యానంతరం భారత వృక్ష సర్వేక్షణ సంస్థ నల్లమలను విడిగా శోధించింది, అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో రాయలసీమ వృక్షజాలంపై దశాబ్దాలుగా పని సాగింది. డెకాస్కిస్టియా కడపెన్సిస్ అని మన ఊరి పేరునే మోసే ఒక మందార జాతి పొద కూడా శాస్త్ర సాహిత్యంలో ఉంది. అయితే ఇదంతా నేల పైభాగం కథ. శిలీంద్రాల విషయంలో మనం అంత దూరం రాలేదు. 1931లో బట్లర్, బిస్బీ భారతదేశపు శిలీంద్రాలను ఒక పట్టికగా కూర్చారు, ఆ తర్వాత ఎన్నో పట్టికలు వచ్చాయి. వాటిలో పంటల తెగుళ్ల వివరాలు విస్తారంగా ఉంటాయి. అది సహజమే, వేరుశనగ మీద వచ్చే తిక్కా మచ్చ తెగులు రైతు జేబును తాకుతుంది, జలారి కింద మొలిచిన పుట్టగొడుగు ఎవరి జేబునూ తాకదు.

ప్రపంచం మొత్తం మీద శిలీంద్ర జాతులు 22 లక్షల నుంచి 38 లక్షల దాకా ఉండవచ్చని 2017లో హాక్స్‌వర్త్, లూకింగ్ అంచనా కట్టారు. ఇప్పటికి పేరు పెట్టినవి సుమారు ఒకటిన్నర లక్షలు మాత్రమే. మిగిలినవన్నీ అమెజాన్ అడవుల్లోనే దాగి ఉంటాయని అనుకోవలసిన పని లేదు.

శిలీంద్రాల పట్ల మనకున్న ఈ లోటుకు ప్రధాన కారణం వాటి స్వభావమే. చెట్టు ఏడాది పొడవునా అక్కడే ఉంటుంది, ఈ నెల చూడలేకపోతే వచ్చే నెల చూడవచ్చు. శిలీంద్రం కూడా నేలలో ఏడాది పొడవునా తంతువుల రూపంలో ఉంటుంది గానీ, మన కంటికి గొడుగై కనిపించేది వాన పడిన తర్వాత కొద్ది రోజులే. కొన్ని జాతులు ఉదయం విచ్చుకొని మధ్యాహ్నపు ఎండకు కరిగిపోతాయి. కడప ప్రాంతానికి ఒక వెసులుబాటు ఉంది: నైరుతి వానలతో పాటు అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య వానలూ పడతాయి కాబట్టి, జూన్ నుంచి ఒకటి, శీతాకాలపు ముంగిట ఇంకొకటి, ఇలా రెండు సేకరణ కాలాలు దొరుకుతాయి. రెండవ కాలంలో నేల చల్లగా ఉంటుంది, తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది. కళాశాలల్లో పరీక్షల హడావిడి కూడా అప్పుడే ఉంటుంది కాబట్టి మన పరిశోధనల్లో ఆ కాలపు సేకరణలు పలుచగా కనిపిస్తాయి. దీన్ని సరిదిద్దుకోవాలి.

సేకరణ ఎలా చేయాలో కొంత వివరంగా చెబుతాను, ఎందుకంటే అసలు నష్టం జరిగేది ఇక్కడే. పుట్టగొడుగు కనిపించగానే పీకి ప్లాస్టిక్ సంచిలో వేసుకుంటే, ఇంటికి చేరేసరికి దానిలో సగం లక్షణాలు పోయి ఉంటాయి. ముందుగా అది ఉన్నచోటనే ఫొటో తీయాలి. గొడుగు పైభాగం, అడుగున ఉండే పలుచని రేకులు, కాడ, కాడ మొదలు, నిలువునా రెండుగా కోసిన ముక్క, ఇవన్నీ విడివిడిగా కనిపించాలి. వేలితో నొక్కినచోట రంగు మారుతోందా, కోసినచోట పాలు కారుతున్నాయా, వాసన పిండి వాసనా, ముల్లంగి వాసనా, మందుల వాసనా, ఇవన్నీ అక్కడికక్కడే రాయాలి. ఎండిన నమూనాలో ఇవేవీ మిగలవు. ఏ చెట్టు కింద ఉంది, ఆ చెట్టుకు ఎంత దూరంలో ఉంది, చెక్క మీద మొలిచిందా, పేడ మీద మొలిచిందా, మట్టిలోంచి వచ్చిందా అన్నది తప్పనిసరి. కాడను లాగకూడదు, చిన్న కత్తితో చుట్టూ మట్టి తీసి మొదలు దాకా చూడాలి. అమానిటా ప్రజాతిలోని ప్రాణాంతకమైన జాతులకు కాడ మొదట్లో సంచిలాంటి తొడుగు ఉంటుంది, పీకితే అది మట్టిలోనే ఉండిపోతుంది. ప్రాణం తీసేదో కాదో చెప్పే గుర్తు అక్కడే వదిలేసి వచ్చామన్న మాట.

తవ్వి చూడడం ఎంత ముఖ్యమో మన అందరికీ తెలిసిన పుట్టగొడుగులోనే, అంటే చెదల పుట్టల మీద మొలిచే టెర్మిటోమైసిస్‌లోనే, స్పష్టంగా కనిపిస్తుంది. పైన కనిపించే గొడుగు నడిమి భాగం మొనదేలి గట్టిగా ఉంటుంది, మట్టిని చీల్చుకొని రావడానికి ఉపయోగపడేది అదే. కాడ నేల దగ్గర ఆగిపోదు, వేరులాగా సన్నబడుతూ లోపలికి, ఒక్కోసారి మోచేతి లోతుకు మించి దిగుతుంది. ఓపికగా మట్టి తొలగిస్తూ వెళితే చివరకు పిడికిలంత గది కనబడుతుంది. దానిలో గోధుమ రంగులో, గుల్లగుల్లగా, అక్రోటు గింజ మడతల్లా వంకరలు తిరిగిన ముద్ద ఒకటి ఉంటుంది. చెదలు తెచ్చుకున్న ఎండుటాకు, చెక్కపొట్టు సగం జీర్ణమై వాటి విసర్జనగా మారి, దానితో కట్టినది ఆ ముద్ద. దాని మీద సూది మొనంత తెల్లని గుండ్రని బుడిపెలు మెరుస్తూ ఉంటాయి, అవే శిలీంద్రపు పంట. చెదలు సొంతంగా అరిగించుకోలేని లిగ్నిన్‌ను, అంటే చెక్కకు గట్టిదనమిచ్చే పదార్థాన్ని, శిలీంద్రం విడగొట్టి పెడుతుంది. చెదలు ఆ బుడిపెలను, పాతబడిన ముద్దను తింటాయి. ఈ ఒప్పందం సుమారు మూడు కోట్ల ఏళ్ల నాటిదని జన్యు అధ్యయనాలు చెబుతున్నాయి. మనిషి వ్యవసాయం వయసు పది వేల ఏళ్ల పైచిలుకే.

ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్ 1942లో టెర్మిటోమైసిస్ ప్రజాతిని స్థాపించారు. ఆయన పేరు మీద టెర్మిటోమైసిస్ హైమీ అన్న దక్షిణ భారత జాతిని 1979లో మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కె. నటరాజన్ వర్ణించారు. కాడ మీద స్పష్టమైన ఉంగరం ఉండడం దాని గుర్తుల్లో ఒకటి. ఇదే ప్రజాతిలో టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్ అన్న చిన్న జాతి ఉంది. అది చెదలు బయటికి తెచ్చి పరచిన పాత ముద్ద ముక్కల మీద, బియ్యం చల్లినట్టు వందల సంఖ్యలో మొలుస్తుంది, దానికి లోతైన వేరు ఉండదు. పుట్టలో చెదలు చనిపోయినా, విడిచిపెట్టి వెళ్లినా ఆ గదిలోనే జైలేరియా అన్న మరో శిలీంద్రం నల్లటి పోగులుగా పైకి వస్తుంది. పుట్ట సజీవంగా ఉన్నంత కాలం చెదలు దాన్ని అణచిపెట్టి ఉంచుతాయి. అంటే ఒక పుట్టను తవ్వి అందులో జైలేరియా కనిపిస్తే, ఆ కాపురం ముగిసిందని చెప్పవచ్చు. వరిగడ్డి పుట్టగొడుగునూ, పాల పుట్టగొడుగునూ, ముత్యపు చిప్ప పుట్టగొడుగునూ మనం షెడ్లలో పండిస్తున్నాం గానీ, చెదలు లేకుండా టెర్మిటోమైసిస్‌ను వాణిజ్య స్థాయిలో పండించడం ఇంతవరకు సాధ్యం కాలేదు. తంతువు ప్రయోగశాలలో అగార్ అన్న జెల్లీ లాంటి పోషక పదార్థం మీద నెమ్మదిగా పెరుగుతుంది, గొడుగు మాత్రం రాదు. సంతకు వచ్చే ఆ బుట్టెడు గొడుగులకు అంత ధర పలకడం సమంజసమే.

అనంతపురం వైపు, ఇంకా పొడిగా ఉన్న ఎర్ర గరుగు నేలల్లో, మరో చిత్రమైన జీవి చెదల పుట్టల మీదే కనిపిస్తుంది. అది పోడాక్సిస్ పిస్టిల్లారిస్. 1771లో లిన్నేయస్ దీన్ని వేరే ప్రజాతి కింద వర్ణించారు, తర్వాత శిలీంద్ర శాస్త్రవేత్త ఫ్రీస్ ఇప్పటి పేరులోకి తెచ్చారు. తెల్లని పొలుసులతో పొడవుగా నిలబడే ఈ గొడుగు ఎప్పటికీ విచ్చుకోదు. లోపల రేకుల బదులు నల్లటి పొడి, అంటే శిలీంద్రానికి విత్తనాల్లాంటి సిద్ధబీజాల రాశి, తయారవుతుంది, బయటి పొర చిరిగినప్పుడు గాలికి ఎగిరిపోతుంది. తడి గాలి లేని చోట విచ్చుకున్న గొడుగు నిమిషాల్లో ఎండిపోతుంది కాబట్టి, మూసి ఉంచుకోవడమే ఎడారి జీవికి లాభం. టెర్మిటోమైసిస్‌కు చెదలతో ఉన్న ఒప్పందం దీనికి లేదు. ఒకే పేరు కింద మనం లెక్కిస్తున్న పోడాక్సిస్‌లో నిజానికి అనేక జాతులు కలిసి ఉన్నాయని డి.ఎన్.ఏ. పరిశీలనలు తేల్చాయి. మన నేలలోని పోడాక్సిస్ అందులో ఏ శాఖకు చెందుతుందో తేల్చడం డిగ్రీ స్థాయి ప్రాజెక్టుగా చేయదగిన పని.

మొక్కల సేకరణ గురించి తక్కువ చెబుతాను, దాని పద్ధతులు మీ అధ్యాపకులు నేర్పుతూనే ఉన్నారు. రెండు విషయాలు మాత్రం ఎత్తి చెప్పాలి. కొండగోగు మాఘ ఫాల్గుణాల్లో ఆకంతా రాల్చి, బోడి కొమ్మల మీద పసుపు పూలు పూస్తుంది. తపసి చెట్టు కూడా అంతే. పువ్వు షీటు ఒక కాలంలో, ఆకు షీటు మరో కాలంలో తీయవలసిందే. అవి రెండూ ఒకే చెట్టువని రుజువు కావాలంటే మొదటిసారే చెట్టుకు అల్యూమినియం బిళ్ల కట్టి, అక్షాంశ రేఖాంశాలు రాసుకొని ఉండాలి. ఇక కుందేటి కొమ్ము వంటి రసభరితమైన మొక్కను నేరుగా ప్రెస్సులో, అంటే మొక్కలను నొక్కి ఆరబెట్టే చట్రంలో, బిగిస్తే కాండం కుళ్లుతుంది, పువ్వు మధ్యలోని కిరీటం నలిగి ఆకారం పోతుంది. పువ్వును 70 శాతం ఆల్కహాలులో వేసి విడిగా దాచి, కాండాన్ని చీల్చి లేదా వేడి నీటిలో ముంచి తీసిన తర్వాతే ప్రెస్సు చేయాలి. దాన్ని పశువుల కాపరులు పచ్చిగానే తింటారన్న సంగతిని షీటు మీద రాయడం కూడా శాస్త్రంలో భాగమే. ఎవరు చెప్పారో, ఏ ఊరి పరిధిలో చెప్పారో ఆ వివరం లేకపోతే తర్వాతి తరానికి అది పుకారుగానే మిగులుతుంది.

కొండ దిగిన రోజు రాత్రే ప్రయోగశాల పని మొదలవుతుంది, మరునాటికి వాయిదా వేస్తే నమూనాలో పురుగు చేరుతుంది. ఒక గొడుగును కాడ నుంచి వేరు చేసి, సగం తెల్ల కాగితం, సగం నల్ల కాగితం మీద అడుగు వైపు కిందికి ఉండేలా పెట్టి, గిన్నె బోర్లించాలి. తెల్లవారేసరికి సిద్ధబీజాలు రాలి రేకుల ముద్ర పడుతుంది. ఆ ముద్ర రంగు గుర్తింపులో తొలి మెట్టు. టెర్మిటోమైసిస్‌కు అది లేత గులాబీ నుంచి మీగడ రంగు దాకా ఉంటుంది. వానకాలంలో పచ్చిక మీద, పశువుల బీళ్లలో వలయాలుగా మొలిచే పెద్ద తెల్ల గొడుగు ఒకటి ఉంది, క్లోరోఫిల్లమ్ మొలిబ్డైటిస్, దానికి ఆ ముద్ర ఆకుపచ్చగా పడుతుంది. లేతగా ఉన్నప్పుడు దాని రేకులు కూడా తెల్లగానే ఉంటాయి కాబట్టి తినదగిన గొడుగని పొరబడి వండుకుంటారు, మూడు గంటల లోపే తీవ్రమైన వాంతులు, విరేచనాలు మొదలవుతాయి.

ఈ సందర్భంలో మాట కొంచెం కటువుగా చెప్పక తప్పదు. వెండి నాణెం నల్లబడితే విషమనీ, వెల్లుల్లి, పసుపు, బియ్యం రంగు మారకపోతే మంచిదనీ, పురుగు తింటే మనమూ తినవచ్చనీ ఊళ్లలో చెప్పుకునే పరీక్షల్లో ఒక్కటి కూడా నిజం కాదు. అమానిటాలోని అమటాక్సిన్ అన్న విషం ఉడికించినా చెడదు. తిన్న ఆరు గంటల నుంచి పన్నెండు గంటల దాకా, కొన్నిసార్లు ఇంకా ఆలస్యంగా, ఏ లక్షణమూ కనిపించదు. తర్వాత వాంతులై తగ్గినట్టే తగ్గి, ఆ లోపల కాలేయం దెబ్బతింటుంది. అడవి గొడుగు తిని ఎవరికైనా తేడా చేస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లడంతో పాటు, మిగిలిన గొడుగు ముక్కను కాగితంలో చుట్టి వైద్యుడి వద్దకు తీసుకువెళ్లండి. తరతరాలుగా ఒకే జాతిని, ఒకే పుట్ట మీద నుంచి తెచ్చుకు తింటున్న పెద్దల అనుభవాన్ని నేను కాదనడం లేదు. ఆ అనుభవం ఆ జాతికి, ఆ చోటుకు మాత్రమే వర్తిస్తుంది.

నమూనాను 40 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ వేడిలో, గాలి ఆడేలా ఒక రోజు ఆరబెట్టాలి. అంతకన్నా వేడి పెంచితే అది ఉడికిపోతుంది, డి.ఎన్.ఏ. చెడుతుంది. ఆరబెట్టే ముందే గోరంత ముక్కను విడిగా తేమను పీల్చే సిలికా జెల్‌లో వేసి ఉంచుకోవాలి. సూక్ష్మదర్శిని కింద చూసేటప్పుడు ఎండిన ముక్కను పలుచని పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెడితే కణాలు మళ్లీ ఉబ్బుతాయి, కాంగో రెడ్ అన్న రంగు వేస్తే కణ కవచాలు స్పష్టమవుతాయి. అయొడిన్ కలిసిన మెల్జర్ ద్రావణంలో రుస్సులా అన్న ప్రజాతి గొడుగుల సిద్ధబీజాల మీది ముళ్లు, గట్లు నీలి నలుపుగా తేలుతాయి. ఒకటో రెండో బీజాలు కొలిచి సగటు రాయడం పనికిరాదు, కనీసం ఇరవై ముప్పై బీజాల పొడవు, వెడల్పు కొలిచి వాటి నిష్పత్తి కూడా ఇవ్వాలి.

వేళ్ల పని మరికొంత ఓపిక అడుగుతుంది. ఆర్బస్క్యులర్ శిలీంద్రాల సిద్ధబీజాలను మట్టి నుంచి వేరు చేయడానికి గెర్డెమాన్, నికల్సన్ 1963లో చెప్పిన తడి జల్లెడ పద్ధతినీ, వేళ్లలో వాటి ఉనికిని చూడడానికి ఫిలిప్స్, హేమన్ 1970లో ఇచ్చిన రంగు పద్ధతినీ నేటికీ వాడుతున్నాం. సన్నని వేళ్లను పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేడి చేస్తే లోపలి పదార్థమంతా కరిగి వేరు గాజులా తేరుకుంటుంది. కడిగి, పలుచని ఆమ్లంలో ముంచి, ట్రిపాన్ బ్లూ అన్న రంగు వేస్తే శిలీంద్ర తంతువులు మాత్రమే నీలమవుతాయి. ఎర్రచందనం వంటి రంగు వేళ్లు అంత సులభంగా తేరుకోవు, వాటికి మధ్యలో హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో రంగు పోగొట్టే మెట్టు కలపాలి. ఆర్బస్క్యూల్, అంటే వేరు కణం లోపలి ఆ చిన్న పొద, ఆయుష్షు కొద్ది రోజులే కాబట్టి ఎండాకాలపు వేరును చూసి ఈ చెట్టుకు శిలీంద్రం లేదని రాయడం తొందరపాటు. ఎక్టోమైకోరైజాకు ఇంత రసాయన హంగామా అక్కరలేదు, వేరుకొనను నీటిలో కడిగి భూతద్దం కింద పెడితే వేరు రోమాలకు బదులు మందపాటి తొడుగు కనబడుతుంది.

మన ప్రాంతంలో నాకు అన్నిటికన్నా ఆశ కలిగించే ప్రశ్న ఇక్కడే ఉంది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్‌లలోని సాల అడవుల్లో, అంటే జలారి సోదర జాతి కింద, రుస్సులా, ఆస్ట్రేయస్ వంటి ఎక్టోమైకోరైజా శిలీంద్రాలు విస్తారంగా మొలుస్తాయి. ఆస్ట్రేయస్‌ను అక్కడి గిరిజనులు తొలకరిలో తవ్వి తెచ్చి సంతల్లో అమ్ముతారు. అక్కడి కన్నా చాలా పొడిగా ఉండే కడప కొండల్లో జలారి, తంబ జలారి వేళ్లను పట్టుకున్న శిలీంద్రాలు ఏవి? సాల అడవుల్లోని జాతులే ఇక్కడా ఉన్నాయా, లేక తంబ జలారిలాగే ఈ కొండలకే పరిమితమైనవా? వేరుకొన నుంచి తీసిన డి.ఎన్.ఏ.ను, ఆ చెట్టు కిందే మొలిచిన గొడుగు డి.ఎన్.ఏ.తో సరిపోల్చితే తప్ప ఇది తేలదు. వేరు ఒక్కటే తెచ్చినా, గొడుగు ఒక్కటే తెచ్చినా జవాబు సగమే.

డి.ఎన్.ఏ. గురించి ఒక హెచ్చరిక. శిలీంద్రాలకు డి.ఎన్.ఏ.లోని ఐ.టి.ఎస్. అన్న భాగాన్ని 2012లో అధికారిక గుర్తింపు సంకేతంగా అంగీకరించారు, మొక్కలకు ఆర్.బి.సి.ఎల్., మాట్‌కె జన్యువులను 2009లోనే సిఫారసు చేశారు. ఇప్పుడు ఒక ముక్కను సీక్వెన్సింగ్‌కు, అంటే డి.ఎన్.ఏ. అక్షరాలను చదివించడానికి, పంపితే కొద్ది రోజుల్లో అక్షరాల వరుస వస్తుంది, దాన్ని అంతర్జాతీయ డి.ఎన్.ఏ. భాండాగారంలో వెతికితే ఒక పేరు కూడా వస్తుంది. ఆ పేరును అలాగే దించుకోవడం ఈ మధ్య మన పత్రాల్లో ఎక్కువైంది. భాండాగారంలో ఆ పేరు పెట్టినవాళ్లు పొరబడి ఉంటే మనమూ పొరబడ్డట్టే. గానోడెర్మా లూసిడమ్ కథే చూడండి. ఆ జాతిని మొదట 1781లో కర్టిస్ లండన్ దగ్గర దొరికిన నమూనా ఆధారంగా వర్ణించారు. వార్నిష్ వేసినట్టు మెరిసే ప్రతి ఎర్రని చెక్క శిలీంద్రానికీ ప్రపంచమంతటా అదే పేరు తగిలించారు, మన దేశంలో తుమ్మ మొదట్లో, కొబ్బరి మొదట్లో కనిపించినవాటికి కూడా. చివరకు చైనాలో మందు కోసం సాగు చేసే జాతే వేరని తేల్చి 2012లో దానికి గానోడెర్మా లింగ్‌ఝీ అని విడిగా పేరు పెట్టవలసి వచ్చింది. రాయలసీమ జాబితాల్లో లూసిడమ్ అన్న పేరు ఎక్కడ కనిపించినా, వెనక దాచిన నమూనా ఉంటే దాన్ని తీసి మళ్లీ చూడవచ్చు. నమూనా లేకపోతే ఆ వరుసను కొట్టివేయడం తప్ప మార్గం లేదు.

అనుమతుల సంగతి కూడా చెప్పాలి. లంకమల్లేశ్వర అభయారణ్యం, శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం వంటి చోట్ల అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా ఆకు కూడా తెంపకూడదు. పైగా మనది ఎర్రచందనం సీమ: సంచి, కత్తి, టార్చిలైటుతో తెల్లవారుజామున కొండెక్కేవాడు వృక్షశాస్త్ర విద్యార్థినని చెబితే నమ్మే గార్డు ఉండడు, కాగితం జేబులో ఉండవలసిందే. పేరిత విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. అది అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందంలో అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. మందుల కోసం దాని మగ శంకువులను కోసుకుపోవడం వల్ల పుప్పొడి అందక విత్తనం తగ్గుతోంది. దాని మీద అధ్యయనమంటే కొలవడం, ఫొటో తీయడం, అనుమతి ఉంటే వేరుకొన ఒక్కటి తీసుకోవడం, అంతకు మించి వద్దు.

ఎండిన నమూనాలకు రెండు ప్రతులు చేసి, ఒకటి మన విశ్వవిద్యాలయపు హెర్బేరియంలోనూ, రెండవది మొక్క అయితే కోయంబత్తూరులోని మద్రాసు హెర్బేరియంలోనూ, శిలీంద్రమైతే ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ శిలీంద్ర భాండాగారంలోనూ భద్రపరచాలి. కొత్త జాతి అని తేలితే, 2013 జనవరి 1 నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం శిలీంద్రపు పేరును ముందుగా గుర్తింపు పొందిన రిజిస్టరులో నమోదు చేసి సంఖ్య పొందాలి, లేకపోతే ఆ పేరు చెల్లదు. ఈశాన్య వానలు మొదలయ్యేలోగా కడప, రాజంపేట, రాయచోటి కళాశాలల వృక్షశాస్త్ర విభాగాలు తలా ఒక జలారి గుంపును ఎంచుకొని, చెట్లకు బిళ్లలు కట్టి, అనుమతి పత్రాలకు ఇప్పుడే దరఖాస్తు చేస్తే, ఈ ఏడాదే వేరునూ గొడుగునూ కలిపి చూడవచ్చు. కాగితాలు రావడానికి నెలలు పడుతుంది కాబట్టి దరఖాస్తు ఈ వారంలోనే వెళ్లాలి.